ఆ క్యాసెట్ ఎవరికిస్తాం?

నేను ఏడో తరగతిలో ఉండగా మా ఇంటికి ఒక పోస్టుకార్డు వచ్చింది. పంపినవాళ్ల పేరు లేదు. కొండ మీద గుడిలో ఒక పాము మనిషి రూపంలో పూజారికి కనబడి ఏదో చెప్పిందనీ, ఈ కార్డు అందినవాళ్లు పది రోజుల్లో ఇరవై ఒక్క మందికి ఇలాగే రాసి పంపితే శుభం జరుగుతుందనీ, నమ్మకుండా చింపేసిన ఒకాయన రక్తం కక్కుకుని పోయాడనీ అందులో ఉంది. నా ఈడువాళ్లు ఇలాంటివి కార్డులుగానో కరపత్రాలుగానో చూసే ఉంటారు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, డబ్బాలో దాచుకున్న చిల్లరతో కార్డులు కొనుక్కొచ్చి, రెండు రోజులు కూర్చుని రాశాను. మొదటి కార్డు లెక్కల మాస్టారికి. తర్వాత మాతో మాటల్లేని మా పెద్దనాన్నగారింటికి, గోడ విషయంలో అమ్మతో గొడవపడిన పక్కింటివాళ్లకి. నా స్నేహితురాలికి మాత్రం రాయలేదు.

పోస్టు డబ్బాలో వేయకముందే నాన్నకు దొరికిపోయాను. ఆయన తిట్టలేదు. కార్డులన్నీ తిరగేసి, చిరునామాలు ఒక్కొక్కటే చదివి, "వీళ్లనే ఎందుకు ఎంచుకున్నావమ్మా?" అని అడిగారు. నాకు నోరు పెగల్లేదు. ఇంకేమీ అనకుండా ఆ ఇరవై ఒక్క కార్డులూ, వాటితో పాటు మొదట వచ్చిన కార్డునూ చొక్కా జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయారు. శాపం ఇప్పుడు ఆయన జేబులో ఉంది. పది రోజులు, సాయంత్రం ఆరయ్యేసరికి వీధి గుమ్మంలో నిలబడేదాన్ని. సైకిల్ స్టాండు వేసిన చప్పుడు వినిపించాకే లోపలికి వెళ్లేదాన్ని. నా జీవితంలో అంత భయం మళ్లీ ఎప్పుడూ పడలేదు.

జపాన్ దెయ్యం సినిమాలకూ, హాలీవుడ్ వాటిని తిరిగి తీసిన సినిమాలకూ మధ్య తేడా గురించి చాలాకాలంగా రాయాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టినా ఆ కార్డుల దగ్గరికే వస్తున్నాను, అందుకే అక్కణ్ణుంచే మొదలుపెట్టాను.

కోజీ సుజుకి 1991లో రాసిన నవల ఆధారంగా హిదియో నకాతా 1998లో తీసిన 'రింగు' కథ చాలామందికి తెలుసు. ఒక వీడియో క్యాసెట్ ఉంటుంది. చూసినవాళ్లు సరిగ్గా ఏడు రోజులకు చచ్చిపోతారు. తప్పించుకునే దారి ఒక్కటే, దాన్ని కాపీ చేసి ఇంకొకరికి చూపించాలి. అంటే మా ఇంటికొచ్చిన కార్డే. జపాన్‌లోనూ ఇలాంటి గొలుసు ఉత్తరాలుండేవి, 'దురదృష్టపు ఉత్తరం' అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. ఉత్తరం బదులు క్యాసెట్ వచ్చింది, అంతే.

నేను ముందు చూసింది అమెరికా సినిమానే. 2002లో గోర్ వెర్బిన్‌స్కీ తీసిన 'ద రింగ్'. హైదరాబాద్‌లో హాస్టల్లో, ఒక సీనియర్ కంప్యూటర్ మీద, తొమ్మిది మందిమి ఒకరి మీద ఒకరు పడి చూశాం. దుప్పట్లు కప్పుకున్నాం, కేకలు పెట్టాం, వారం రోజులు ఎవరి ఫోన్ మోగినా ఉలిక్కిపడ్డాం. అసలు సినిమా తర్వాత ఎప్పుడో దొరికింది. దాన్ని ఒంటరిగా చూశాను, పెద్దగా భయం వేయలేదు. "ఇంతేనా?" అనిపించింది. ఇది ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే రీమేకుల్ని తీసిపారేయడం చాలా తేలిక. అసలువి సున్నితం, రీమేకులు మోటు అని ఒక మాట ఎప్పటినుంచో తిరుగుతోంది. ఆ మాట పూర్తిగా నిజం కాదు.

వెర్బిన్‌స్కీ సినిమా గొప్పగా తీసిన సినిమా. సియాటిల్ వానని, ఆ పాచి పట్టినట్టుండే ఆకుపచ్చ వెలుతురుని కథలోకి తెచ్చుకున్నాడు. పడవ మీద గుర్రం బెదిరి, కట్లు తెంపుకుని, డెక్ మీద గిట్టలు జారుతూ పరుగెత్తి సముద్రంలోకి దూకే దృశ్యం జపాన్ సినిమాలో లేదు. అది వాళ్ల సొంతం. నోరులేని జంతువుకు తెలిసింది పక్కనున్న మనిషికి తెలియకపోవడం అనే భయాన్ని అంత బాగా చూపించిన దృశ్యం నేను ఇంకెక్కడా చూడలేదు. దాదాపు 4.8 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచమంతా కలిపి సుమారు 25 కోట్లు వచ్చాయి. ఆ డబ్బు వల్లనే తర్వాత ఐదారేళ్లు హాలీవుడ్ జపాన్ దెయ్యాల వెంట పడింది.

మరి తేడా ఎక్కడుంది? ఆఖరి ఐదు నిమిషాల్లో.

రెండు సినిమాల్లోనూ హీరోయిన్ విలేకరి, చిన్నపిల్లవాడికి తల్లి. ఆ శాపం బావిలో తోసేస్తే చచ్చిపోయిన ఒక అమ్మాయిది, జపాన్ సినిమాలో సదాకో, అమెరికా సినిమాలో సమారా. రెండింటిలోనూ తల్లి బావి అడుగుకు చేరి ఆ అమ్మాయి ఎముకల్ని కనుక్కుంటుంది. పీడ విరగడైందనుకుంటాం. మర్నాడు పిల్లవాడి తండ్రి చనిపోతాడు, టీవీలోంచి అది బయటికి వస్తుంది. తను మాత్రం ఎందుకు బతికిందో ఆలోచిస్తే తల్లికి అర్థమవుతుంది, తను క్యాసెట్ కాపీ చేసి అతనికి చూపించింది. ఇప్పుడు కొడుకు కూడా ఆ క్యాసెట్ చూసి ఉన్నాడు. వాడు బతకాలంటే వాడూ ఇంకెవరికో చూపించాలి.

అమెరికా సినిమాలో రేచల్ కొడుకు చేత బటన్ నొక్కించి కాపీ తీయిస్తుంది. "మనం చూపించిన వాళ్లకి ఏమవుతుంది?" అని వాడు అడుగుతాడు. తల్లి జవాబు చెప్పదు. తెర మీద క్యాసెట్ బొమ్మలు వస్తాయి, అంటే చూపించేది మనకే అన్నమాట. తెలివైన ముగింపు. హాస్టల్లో మేమంతా "అబ్బా!" అన్నాం.

జపాన్ సినిమాలో రేకో, క్యాసెట్‌తో పాటు వీసీఆర్‌ని కూడా కారులో పెట్టుకుని బయల్దేరుతుంది. దారిలో ఫోన్ చేస్తుంది. నాన్నా, నేను వస్తున్నాను, యోయిచి కోసం నువ్వొక పని చేయాలి అంటుంది. ఆ కారు అలా పోతూ ఉంటుంది, ఎదురుగా ఆకాశంలో మబ్బులు కమ్ముకుంటూ ఉంటాయి.

మొదటిసారి చూసినప్పుడు ఈ ఫోన్ మాట నా చెవిన పడింది గానీ మనసుకి ఎక్కలేదు. నా కూతురికి మూడేళ్లు వచ్చాక, ఒక రాత్రి అది నిద్రపోయాక మళ్లీ చూశాను. ఆ ఫోన్ దగ్గర ఆపేసి లేచి మంచినీళ్లు తాగాను. ఆమె తన తండ్రిని ఎంచుకుంది. శత్రువుని కాదు, ముక్కూమొహం తెలియనివాణ్ణి కాదు. మనవడి కోసమంటే ఆయన కాదనడని ఆమెకు తెలుసు. ఆయన్ని ఎంచుకోవడానికి ఉన్న ఒకే ఒక్క అర్హత ఆయన ప్రేమ. ఆ పెద్దాయన క్యాసెట్ చూస్తాడు, ఆ తర్వాత ఆయన సంగతేంటి? సినిమా ఒక్క ముక్క చెప్పదు.

నేను అనేది ఇదే. ఈ జపాన్ సినిమాల్లో అసలు భయం దెయ్యంలో ఉండదు. బతికున్నవాళ్లు బతకడానికి ఎవరి చేత బాకీ కట్టిస్తారన్న దాంట్లో ఉంటుంది. హాలీవుడ్ ఆ దెయ్యాన్ని, ఆ జుట్టుని, ఆ బావిని, ఆ నీళ్లని ఎంతో జాగ్రత్తగా సముద్రం దాటించింది. ఆ బాకీని మాత్రం దాటించలేదు. రేచల్ మౌనంలో బలయ్యేది ఎవరో ఊరూపేరూ లేని మనిషి. మనకు ప్రేమ లేని మనిషికి శాపం పంపడం నేను ఏడో తరగతిలోనే చేయబోయాను, అది అంత కష్టమైన పని కాదు.

ఇదే తేడా కథ మూలంలోనూ ఉంది. జపాన్ సదాకో వెనక షిజుకో అనే తల్లి కథ ఉంది. ఆమెకు అతీంద్రియ శక్తి ఉందని ఒక ప్రొఫెసర్ విలేకరుల ముందు ప్రదర్శన పెడతాడు. వాళ్లు మోసం, మోసం అని ఆమె మీద పడిపోతారు. ఆమె ఓషిమా దీవిలో మిహరా అగ్నిపర్వతంలో దూకి చనిపోతుంది. దీనికి నిజజీవితంలో ఒక నీడ ఉంది. తొమోకిచి ఫుకురాయి అనే ప్రొఫెసర్ 1910 ప్రాంతంలో చిజుకో మిఫునే అనే యువతి మీద ఇలాంటి పరీక్షలే జరిపాడు. పత్రికలు ఆమెని అనుమానించాయి, ఎగతాళి చేశాయి. 1911లో ఆమె విషం తాగి చనిపోయింది. అప్పటికి ఆమె వయసు పాతిక లోపే. సినిమాలో హీరోయిన్ విలేకరి కావడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. ఒక విలేకరుల గుంపు చేసిన పాపం తిరిగి తిరిగి ఒక విలేకరి ఇంటికే వచ్చింది.

అమెరికా సినిమాలోనూ సమారా పెంపుడు తండ్రి రిచర్డ్ మోర్గన్ రేచల్‌ని ఇదే విషయంలో నిలదీస్తాడు. ఒకరి దుఃఖాన్ని తెచ్చి లోకమంతటికీ అంటువ్యాధిలా పంచుతారు మీరు, అనే అర్థం వచ్చే మాట అంటాడు. సినిమాలో నాకు అన్నిటికన్నా నచ్చిన మాట అదే. కానీ కథ ఆ దారిలో వెళ్లదు. అక్కడ తప్పంతా ఆ పిల్లదే. సమారా వచ్చాక దీవిలో అన్నీ చెడ్డాయి, పోయాక బాగుపడ్డాయి అని అక్కడివాళ్లే అంటారు. ఆస్పత్రి టేపులో ఆ పిల్లే తనకు మనుషుల్ని బాధపెట్టాలని ఉందనీ, అది ఆగదనీ ఒప్పుకుంటుంది. ఎముకలు తీసి పుణ్యం కట్టుకున్నామని తల్లి చెప్పబోతే, నువ్వు ఆమెకు సాయం చేయకూడదు అని కొడుకు భయపడిపోతాడు. ఏడు రోజుల గడువుకీ లెక్క దొరుకుతుంది, ఆ పిల్ల బావిలో బతికున్నది ఏడు రోజులట. నకాతా ఆ లెక్క చెప్పడు. సదాకో తండ్రి మనిషి కాకపోవచ్చునన్న అనుమానం అతని సినిమాలోనూ ఉంది, కాదనను. కానీ అది గాలిలో వదిలిన మాట. కేసు ఫైలు మూసేసినట్టు ఉండదు.

నా మనసుకి ఇది ఎందుకు అంత తగులుతుందో ఆలోచిస్తే పేరంటాళ్లు గుర్తొస్తారు. అన్యాయంగా పోయిన ఆడమనిషిని ఊరు మరిచిపోలేక గుడి కట్టి, చీర పెట్టి, ఏటా తిరునాళ్ల చేసే అలవాటు మనకుంది. అత్తింట పడరాని పాట్లు పడిన తిరుపతమ్మ కథ వినని ఇల్లు పెనుగంచిప్రోలు చుట్టుపక్కల ఉండదు. ఆమెను జనం అమ్మగా కొలుస్తారు, భయమూ భక్తీ కలిసే ఉంటాయి. జపాన్‌లోనూ ఇదే పద్ధతి. ప్రవాసంలో మనసు విరిగి 903లో పోయిన మిచిజానే సుగవారా అనే పండితుడి ఆత్మే పిడుగులు వేయిస్తోందని హడలిపోయి, ఆయన్ని తెంజిన్ అనే దేవుణ్ణి చేసి గుళ్లు కట్టారు. ఈనాటికీ పరీక్షల ముందు పిల్లలు ఆ గుళ్లకు వెళ్లి మొక్కుకుంటారు. 1825 నాటి నాటకంలో భర్త చేతిలో వంచన పాలై దెయ్యమైన ఓయివా పాత్రను వేసే నటులు నాటకానికి ముందు ఆమె గుడికి వెళ్లి దణ్ణం పెట్టుకునే ఆచారం ఉంది. చేసిన అన్యాయాన్ని ఒప్పుకుంటే ఆత్మ శాంతిస్తుంది. ఆ నమ్మకం మీద ఒక సమాజమే నిలబడి ఉంది.

'రింగు'లో రేకో ఆ పనే చేస్తుంది. బావి అడుగున, బురద నీళ్లలో, ఆ పుర్రెని గుండెకు హత్తుకుంటుంది. తల్లి బిడ్డని ఎత్తుకున్నట్టే ఉంటుంది. అయినా సదాకో శాంతించదు. గుడి కట్టినా తీరని పగ ఉంటుందన్నమాట. ఆ నమ్మకం ఉన్నవాళ్లకు అది కాళ్ల కింద నేల జారిపోవడం లాంటిది. "ఆ పిల్ల పుట్టుకతోనే చెడ్డది" అనేస్తే ఆ భయం మిగలదు, మన చేతికి మట్టి అంటదు.

ఇక నాకు ప్రాణమైన సినిమా, ఇదే నకాతా 2002లో తీసిన 'చీకటి నీళ్లు'. ఇంగ్లీషులో 'డార్క్ వాటర్' అన్నారు. 2005లో బ్రెజిల్ దర్శకుడు వాల్టర్ సాలెస్ దీన్ని జెనిఫర్ కానలీతో అమెరికాలో తిరిగి తీశాడు. భర్త నుంచి విడిపోతున్న యోషిమి అనే తల్లి, ఆరేళ్ల కూతురు, అద్దెకు దొరికిన పాత అపార్ట్‌మెంట్, పైకప్పు మీద రోజురోజుకీ పెరిగే తడి మరక. పై అంతస్తులో ఒకప్పుడు ఉండే చిన్నపిల్ల మిత్సుకో, అమ్మ బడి నుంచి తీసుకెళ్లడానికి రాకపోతే ఒక్కతే ఇంటికి వచ్చి, మేడ మీద నీళ్ల ట్యాంకులో పడి చనిపోయింది. ఎర్ర సంచి ఒకటి ఎన్నిసార్లు పారేసినా తిరిగి వస్తుంటుంది.

ఈ సినిమాలో దెయ్యం కన్నా కస్టడీ విచారణ ఎక్కువ భయపెడుతుంది. 2024లో సవరించిన చట్టం అమల్లోకి వచ్చేదాకా జపాన్‌లో విడాకుల తర్వాత బిడ్డ మీద హక్కు ఒక్కరికే ఉండేది. తల్లో తండ్రో తేల్చుకోవాల్సిందే. ఇంటర్వ్యూకి ఆలస్యమై, బడి దగ్గరికి పరుగెత్తే యోషిమిని చూస్తుంటే, బాత్రూంలో నీళ్లు పొంగడం ఆమెకు ఎంత పెద్ద ప్రమాదమో తెలుస్తుంది. ఇల్లు కారుతోందని ఫిర్యాదు చేస్తే మతి చెడిందంటారు, మతి చెడిందని తేలితే బిడ్డ పోతుంది. ఉద్యోగం చేసుకుంటూ పిల్లని పెంచే ఏ ఆడమనిషికైనా ఈ టెన్షన్ వివరించి చెప్పనక్కర్లేదు.

చివర్లో యోషిమి కూతుర్ని ఎత్తుకుని లిఫ్టులోకి పరుగెత్తుతుంది. తలుపు మూసుకోకముందే చూస్తే, దూరంగా ఇంట్లోంచి తన కూతురు ఇకుకో నడిచి వస్తోంది. మరి చేతుల్లో ఉన్నది ఎవరు? ఆ క్షణంలో ఆమె నిర్ణయించుకుంటుంది. చచ్చిపోయిన పిల్లని గట్టిగా పట్టుకుని, నేనే మీ అమ్మని అంటుంది. ఇకుకో ఏడుస్తూ మెట్ల మీద లిఫ్టు వెంట పరుగెత్తుతుంది. తలుపు తెరుచుకుంటే మురికినీళ్లు తప్ప లోపల ఎవరూ ఉండరు. కన్నబిడ్డని బతికించడానికి కన్నబిడ్డనే వదిలేసింది. ఏ తల్లీ రాక చచ్చిన పిల్ల బాకీని ఇంకో పిల్ల చెల్లించింది, జీవితాంతం అమ్మ లేకుండా. పదేళ్ల తర్వాత ఇకుకో ఆ ఇంటికి వస్తుంది. అమ్మ కనిపిస్తుంది. నీతో ఉంటాను అంటుంది పిల్ల. కుదరదు.

సాలెస్ సినిమా మంచి సినిమా. న్యూయార్క్‌లో రూజ్‌వెల్ట్ ఐలాండ్ అనే ఆ చిన్న దీవిని, అక్కడి తడి కాంక్రీటుని అంత దిగులుగా చూపించాడు. జెనిఫర్ కానలీ ప్రాణం పెట్టింది. రీమేకుల్లో నేను మళ్లీ మళ్లీ చూసేది ఇదొక్కటే. అయినా చివరికి ఏం చేశారు? తల్లి పోయిన కొన్నాళ్లకు ఆ పిల్ల అదే లిఫ్టులో నిలబడితే, కనిపించని తల్లి వచ్చి జడ అల్లుతుంది, ఎప్పుడూ నీతోనే ఉంటానని ఊరడిస్తుంది. చూస్తుంటే నాకు కళ్లనీళ్లు వచ్చాయి, దాచను. కానీ ఆ జడతో బాకీ సగం తీరిపోయింది. పిల్లకు అమ్మ అందుతూనే ఉంది. నకాతా సినిమాలో పదహారేళ్ల ఇకుకో ఆ ఖాళీ ఇంట్లోంచి ఒక్కతే బయటికి నడిచివస్తుంది.

'ద గ్రడ్జ్' గురించి పెద్దగా రాయను. అందులో విచిత్రం ఏంటంటే, 'జు-ఆన్' తీసిన తకాషి షిమిజునే 2004లో హాలీవుడ్ డబ్బుతో మళ్లీ టోక్యోలోనే తీశాడు. కయాకో అనే దెయ్యంగా అదే నటి తకాకో ఫుజి, పిల్లవాడుగా అదే యుయా ఒజెకి. ఆ గొంతులోంచి వచ్చే గరగర కూడా షిమిజు సొంత గొంతే. మారింది శాపం తగిలిన ఆ ఇంట్లోకి వెళ్లే మనుషులు. అమెరికా వాళ్లని తెచ్చి ఆ ఇంట్లో పెట్టారు. చివరికి కయాకో మనసుపడినవాడు కూడా అమెరికా ప్రొఫెసర్ అయ్యాడు. 1954 నాటి గాడ్జిలాని అమెరికాలో 1956లో విడుదల చేసినప్పుడు మధ్యలో ఒక అమెరికన్ విలేకరిని అతికించి అతని కళ్లతో చూపించారు, అదే అలవాటు ఇక్కడా కనిపిస్తుంది. భాష రాని దేశంలో ఒంటరిగా ఉన్న మనిషి దిగులు అక్కడక్కడ బాగా పండింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ జపాన్ సినిమాలో ఆ ఇల్లు మన పక్కింటి లాంటి ఇల్లు. ఇక్కడ అది పరాయి దేశపు ఇల్లు. విమానం ఎక్కి వెళ్లిపోతే సరిపోయేది కదా అన్న ఆలోచన ఒకసారి వచ్చాక భయం నిలబడదు.

నన్ను నిజంగా బాధపెట్టింది 2006 నాటి 'పల్స్'. కియోషి కురొసావా 2001లో తీసిన 'కైరో'లో దెయ్యాలు ఇంటర్నెట్ ద్వారా వస్తాయి, కానీ ఎవరినీ చంపవు. చావు తర్వాత కూడా ఈ ఒంటరితనమే ఉంటుందని చూపిస్తాయి, అంతే. చూసినవాళ్లు బతకడం మానేసి, గోడ మీద నల్లటి మరకలుగా మిగిలిపోతారు. ఒక గదిలో ఒక ఆడ దెయ్యం నెమ్మదిగా నడిచి వస్తూ, మధ్యలో కాలు తూలి, మళ్లీ నిలదొక్కుకుని వస్తుంది. ఆ ఒక్క తూలుడు చాలు, రాత్రంతా నిద్ర ఉండదు. స్మార్ట్‌ఫోన్లు లేని రోజుల్లో ఈ సంగతి కనిపెట్టాడు. రీమేకులో దెయ్యాలు మీదపడి ప్రాణం పీల్చేస్తాయి. కంప్యూటర్ వైరస్‌తో వాటిని ఆపే ప్రయత్నం జరుగుతుంది. అది కుదరకపోతే సిగ్నల్ లేని చోటికి పారిపోవచ్చు. ఒంటరితనం కథని సిగ్నల్ టవర్ల కథ చేశారు. ఎవరూ ఎవరికీ ఏమీ బాకీ లేరు, కవరేజీ లేని ఊరు దొరికితే చాలు.

రీమేకులు రాకపోతే అసలు సినిమాల పేర్లు కూడా మనదాకా వచ్చేవి కావని ఒక స్నేహితుడు నాతో ఎప్పుడూ వాదిస్తాడు. నా విషయంలో అది అక్షరాలా నిజం, హాస్టల్లో ఆ రాత్రి లేకపోతే నేను నకాతా పేరు వినేదాన్ని కాదు. జపాన్ వాళ్లు తీస్తే మంచివి, అమెరికా వాళ్లు తీస్తే చెడ్డవి అని కూడా నేను అనడం లేదు. 2005లో 'ద రింగ్ టూ'ని తీసింది స్వయంగా నకాతాయే, అందులో 'రింగు' నీడ కూడా లేదు. దర్శకుడి చేతిలో బాకీ లేని కథ పెడితే అతను మాత్రం ఏం చేస్తాడు?

నాన్నకిప్పుడు డెబ్బై దాటాయి. పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆ కార్డులు ఏం చేశారని అడిగాను. ఆయనకు ముందు గుర్తు రాలేదు. కాసేపు ఆలోచించి, ఆఫీసు పక్కన టీ కొట్టు పొయ్యిలో వేసేశానన్నారు. భయం వేయలేదా అని అడిగాను. "వేసింది. నీ పేరు మీద వచ్చిన కార్డు కదా, నాకిచ్చేసినట్టే అనుకున్నాను" అన్నారు. ఆ కార్డు నా పేరు మీద వచ్చిందన్న సంగతి నాకు అసలు గుర్తే లేదు.

అంతకన్నా ఏమీ మాట్లాడుకోలేదు. నా కూతురు ఆయన ఒళ్లో కూర్చుని ఫోన్‌లో ఏదో వీడియో చూపిస్తోంది. "ఇది చూడు తాతా, ఇది చూడు" అంటోంది. ఆయన కళ్లజోడు సర్దుకుని, ఏముందో అడక్కుండానే చూస్తున్నారు.